బండారి సంచిలో రెండు చీటీలు

"ఫోటోల గుర్వయ్య ఏడి?"

ఎస్తేరు ఫోన్ తెర మీద వేలు పెట్టి అడిగింది. తెర మీద నేపాల్ సరిహద్దు గేటు కనిపిస్తోంది. గేటు ముందు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, నడుం మీద చెయ్యేసుకుని లింగస్వామి ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"తీసింది గుర్వన్ననే గద మేడం! తీసేటోడు ఫోటోల ఎట్లుంటడు?" అని లింగస్వామి నవ్వాడు.

ఆ జవాబులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎస్తేరుకు చిరాకు పుట్టిస్తున్నది అదే. ముప్పావు గంట నుంచి ఆ మనిషి చెప్పిన ఏ జవాబులోనూ తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

శనివారం పొద్దున పదింబావు. కల్వకుర్తిలో లింగస్వామి ప్లాట్ల ఆఫీసు. ఎదురుగా కూర్చున్న ఎస్తేరు పద్దెనిమిదేళ్లు పోలీసు శాఖలో పనిచేసి, ఏఎస్సైగా ఉండగా ఉద్యోగం వదిలేసి, నాలుగేళ్లుగా సొంతంగా పరిశోధనలు చేసుకుంటున్న మనిషి. చేతిలో లాఠీ లేదు, వెనక స్టేషన్ లేదు. ఉన్నదల్లా ఒక నోటు పుస్తకం, ఎదుటివాడు విసుక్కున్నా లేవని మొండితనం.

గుర్వయ్య భార్య బీరమ్మ అప్పగించిన ఈ కేసు చెప్పుకోవడానికి చిన్నదే. ఎర్రగుంటపల్లి గొర్రెల కాపరి గుర్వయ్యకు యాభై రెండేళ్లు. రోడ్డు పక్కన ఐదెకరాలుంటే రెండెకరాలు అమ్మాడు. ఆ డబ్బు చేతిలో పడ్డాక లింగస్వామి అతనికి జూదం రుచి చూపించాడు. ఇద్దరూ ఏడాదికోసారి పోతారు. ముందటేడు గోవా. నిరుడు కొలంబో. ఈసారి నేపాల్. కిందటి వారం గురువారం ఇద్దరు బయల్దేరారు. మొన్న గురువారం ఒక్కడు తిరిగొచ్చాడు.

"మళ్లీ మొదటి నుంచి చెప్పు. గురువారం ఎన్నింటికి?"

"పొద్దుగాల ఐదింటికి ఆయన ఇంటి కాడ ఎక్కించుకున్న. ఆరుంబావుకు షాద్‌నగర్. కారు ఆడ పెట్టి రైలెక్కినం. సికింద్రాబాద్‌ల ఇంకో రైలు. శుక్రారం రాత్రి గోరఖ్‌పూర్. శనారం పొద్దున బస్సు దిగి, నడుసుకుంట సరిహద్దు దాటినం. దాటంగనే భైరహవా. ఆడనే ఆట."

"గుర్వయ్య ఫోన్ గురువారం ఐదూ నలభైకే ఆగిపోయింది. అప్పటికి మీరు షాద్‌నగర్ గూడ చేరలే."

"చార్జింగ్ లేదన్నడు. ఎట్లయినా ఆడ మన సిమ్ము పనిచెయ్యది గద, ఉండనీ అన్న."

"కార్లల్ల తిరిగేటోనివి. ముప్పై గంటలు జనరల్ పెట్టెల కూసున్నవా?"

"రిజర్వేషన్ దొరకలె మేడం. బుధారం పోయే ఊరు తెగె, గురువారం ఎక్కితిమి. ఒక్కరోజుల యాడ దొరుకుతది?"

"సరిహద్దుల ఏం చూపిచ్చిన్రు?"

"ఓటరు కార్డు. చూసి పొమ్మన్నరు. రాసుకోలె, ముద్దర గుద్దలె."

"హోటల్ల?"

"రూము నా పేరు మీద. ఇద్దరు మనుషులని రాసిన్రు. బిల్లు సీఐ సారుకు ఇచ్చిన."

"ఆటకాడ?"

"లోపటికి ఫోన్లు తీస్కపోనియ్యరు. కార్డు జూసి వదిలిన్రు." లింగస్వామి కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆదారం రాత్రి మొత్తం ఓడిపోయిండు మేడం. నేను వద్దంటున్న, వింటలేడు. నా పైసలు గూడ ఆడిండు. ఆఖరికి నా చెయ్యి వట్టుకొని, తమ్మీ, మిగిలిన మూడెకరాలు నీకే రాసిస్త అన్నడు. సోమారం పొద్దున లేసి చూస్తే పక్క మీద లేడు. రెండు రోజులు దేవులాడిన. మంగళారం నేనే వదినెకు ఫోన్ చేసి చెప్పిన. దాచిపెట్టేటోన్నయితే ఎందుకు చెప్త?"

"మూడెకరాల కాగితం ఏది?"

"ఇంక రాలె. యాడున్నా సంతకం వెట్టి, ఏలుముద్ర ఏసి పంపుతడు. మాట మీద నిలబడే మనిషి."

ఎస్తేరు పెన్ను ఆగింది. ఒక్క క్షణం అతని కళ్లలోకి చూసింది. అందులో బెదురు లేదు. రావలసిన కొరియర్ కోసం చూస్తున్నవాడి నిదానం ఉంది.

ఆమె నోటు పుస్తకం అతని వైపు తిప్పింది. "చూడు. రైల్ల గుర్వయ్య పేరు లేదు. సరిహద్దుల లేదు. హోటల్ల లేదు. ఆటకాడ లేదు. ఎనిమిది వందల మైళ్లు పోయిన మనిషి పేరు ఒక్క కాగితం మీద లేదు. గోవాకైతే మీరు ముందటేడు విమానంల పోయిన్రు, టికెట్ ఉంటది. హోటల్ల ఆధార్ ఉంటది. కొలంబోకైతే పాస్‌పోర్టు మీద ముద్ర వడ్తది. మనిషి పోయినా పోకున్నా తెలవకుండ ఉండే దారి ఒక్కటే ఉంది. మీరు గా దారినే పోయిన్రు."

లింగస్వామి మొహంలో కోపం రాలేదు. జాలి లాంటిది వచ్చింది.

"నేనేమన్న నేపాల్ పోదామన్ననా మేడం? గుర్వన్న గోవా అన్నడు. నేను యాడికైనా సరే అన్న. తెగకపాయె. ఇంట్ల దేవుని కాడ మూడు చీటీలేసినం. గోవా, కొలంబో, నేపాల్. గుర్వన్న తల్లి బక్కమ్మ చెయ్యి వెట్టి తీసింది. నేపాల్ వచ్చింది. గోవా వచ్చుంటే గోవాకే పోదుము." రెండు చేతులూ చాపాడు. "ఇగ దేవుణ్ణే అడుగుండ్రి, ఎందుకు గా దారి చూపెట్టిండో."

ఎస్తేరు లేచింది. ఆమె దగ్గర ఇంకో ప్రశ్న లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. తలుపు దాకా వచ్చి మరీ సాగనంపాడు.

"మీరడిగితే నేను చెప్పాల్సిన పనిగూడ లేదు మేడం. మీరు పోలీసు కాదు, పంచాయితీ కాదు. బీరమ్మ వదినె మొఖం జూసి చెప్పిన."

*

ఎర్రగుంటపల్లికి చేరేసరికి పన్నెండు దాటింది. గుర్వయ్య ఇంటి వెనక దొడ్డిలో ఎనభై గొర్రెలు ఆకలికి అరుస్తున్నాయి. కూలికి తోలుకుపోయే మనిషిని పెట్టారట. ఆ మనిషి పిలిస్తే ఒక్కటీ కదలడం లేదట.

బీరమ్మ గడప మీద కూర్చుని ఉంది. పదిరోజుల్లో మనిషి సగమైంది. ఎస్తేరును చూడగానే లేచింది గాని, "ఏమన్న తెలిసిందా అక్కా?" అని అడగలేదు. ఆ మాట అడిగి అడిగి ఆమెకు భయం పట్టుకుంది.

"ఆయన సామాను మళ్లొకసారి చూపెట్టు చెల్లె."

ఇనుప పెట్టెలో పాస్‌పోర్టు ఉంది. అందులో నిరుటి కొలంబో ముద్రలు రెండు ఉన్నాయి, పోయినప్పటిదొకటి, వచ్చినప్పటిదొకటి. ఓటరు కార్డు లేదు. బీపీ గోలీలు పది రోజులకు సరిపడా తీసుకుపోయాడు. ఆ లెక్కన అవి ఇవాళ్టితో అయిపోతాయి. ఎస్తేరు ఆ మాట పైకి అనలేదు.

"మూడెకరాలు రాసిస్త అన్నడట. లింగస్వామి చెప్తున్నడు."

మంచం మీద నుంచి గుర్వయ్య తల్లి బక్కమ్మ లేచి కూర్చుంది. ఎనభై దాటినా గొంతులో పస తగ్గలేదు. "ఎవడు, గా లింగడా? నా కొడుకు నా నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టేసిండు బిడ్డా. రెండెకరాలు తిన్న, మూడెకరాలు ముట్టనవ్వా, అది మంద పండుకునే జాగా అన్నడు. లింగడు రెండేండ్ల సంది అడుగుతుండు. ఇయ్యలె. జూదగాడే నా కొడుకు, కాదంటలేను. కని నా నెత్తి మీద ఆడుకోడు."

"గోవా పోతనన్నోడు నేపాల్‌కు ఎట్ల ఒప్పుకున్నడు అవ్వా?"

"నా చేతులకే వచ్చె గా చీటి! తీసిందాన్ని నేనే." ముసలామె నుదురు కొట్టుకుంది. "గొర్లకు గడ్డి చూపెట్టే దేవుణ్ణి పట్టుకొని పేకాటకు తొవ్వ చూపెట్టుమంటే ఆయనకు కోపం రాదా? గప్పుడే చెప్పిన. ఇన్నరా?"

బీరమ్మ మెల్లగా చెప్పింది. ఎండాకాలం మంద తోలుకుని వలస పోయేటప్పుడు ఏ దిక్కు పోవాలో ఈ ఇంట్లో ఎవరూ సొంతంగా తేల్చరు. దిక్కుల పేర్లు చీటీల మీద రాసి, పసుపు నిండిన బండారి సంచిలో వేసి, కులదేవుడు బీరప్ప ముందు పెడతారు. ఇంటి పెద్ద ముట్టుకున్న చీటీయే దారి. ఆ చీటీని తోలుకుపోయేవాడు రుమాలు చెంగున కట్టుకుంటాడు. గుర్వయ్య జూదానికి పోవడం మొదలుపెట్టాక దానికీ అదే పద్ధతి పెట్టుకున్నాడు. ఇంట్లోంచి దూరం పోయే మనిషికి దేవుడు చెప్పకుంటే ఎట్లా అనేవాడు.

"చీటీలు రాసిందెవరు?"

"లింగస్వామి. ఈయన రాత కోడిగీతలు గద. మా ముందే కూసుండి రాసిండు. మడిసి సంచిలేసిండు. అవ్వ తీసింది. లింగస్వామే సదివిండు."

"మిగిలిన రెండు చీటీలు ఎవరన్న సదివిన్రా?"

బీరమ్మ వింతగా చూసింది. "ఎట్ల సదువుతరు? విప్పొద్దు గద. పోయిన మంద తిరిగి ఇల్లు చేరేదాక మిగిలినయి సంచిలనే ఉంటయి. వచ్చినంక చెరువుల కలుపుతం."

ఎస్తేరు వెన్ను నిటారుగా అయింది. "అంటే ఇప్పుడు?"

"ఉన్నయి. ఆయన రాలేదు గద."

దేవుని గూట్లో, మేకుకు వేలాడుతూ చేతెడు గుడ్డసంచి ఉంది. మూతి ఎర్రదారంతో బిగించి ఉంది. ఎస్తేరు దాని దగ్గరికి పోలేదు. దూరం నుంచే చూసింది.

"లింగస్వామి మీ కులపోడే గద చెల్లె. ఈ పద్ధతి ఆయనకు తెలుసు?"

"తెలవకేం? వాళ్లింట్ల గూడ గిదే." బీరమ్మ ఏదో గుర్తుకొచ్చినట్టు ఆగింది. "మొన్న ఊర్లె దిగంగనే సక్కగ ఈడికే వచ్చిండు. నన్ను పట్టుకొని ఏడ్సిండు. ఏడ్సి, వదినే, అన్న యాడున్నడో, ఆ చీటీలు చెర్ల వదిలితే దేవుడు శాంతపడతడు, సంచి ఇయ్యి నేనే వదిలొస్త అన్నడు. నేనియ్యలె. మనిషి రాకముందు ఎట్ల ఇస్త?"

ఎస్తేరు నోటు పుస్తకం తెరిచింది. లింగస్వామి మూడు రోజులుగా చెప్పిన కథలో తొలిసారి ఒక అతుకు కనిపించింది. మనిషి తిరిగొస్తేనే చీటీలు బయటికొస్తాయి. మనిషి తిరిగిరాడని తెలిసినవాడు చీటీలను సంచిలో భద్రంగా వదిలి పోయాడు. వచ్చాక చూస్తే అవి అతని చేతికీ రావడం లేదు. మనిషి రాలేదు గనక.

"బీరమ్మా, ఆ సంచి విప్పాలె."

"వద్దక్కా." బీరమ్మ గూటికి అడ్డంగా నిలబడింది. "నీ కాళ్లు మొక్కుత. విప్పితే పోయినోడు తొవ్వ తప్పుతడు. మా మామ చిన్నతమ్ముడు గట్లనే పోయిండు. ఎవరో చూడబుద్ధయి విప్పిన్రు. వానకాలం గడిసినా మనిషి రాలె."

ఎస్తేరు చర్చికి పోయే ఇంటి మనిషి. అయినా అది మూఢనమ్మకమని చెప్పడానికి నోరు రాలేదు. ఆమె తల్లి కూడా జ్వరం వచ్చిన పిల్లల తల కింద బైబిలు పెట్టి, తగ్గేదాకా ఎవరినీ తియ్యనిచ్చేది కాదు. లాక్కోవడం చేతనవును. లాక్కుంటే, రేపు గుర్వయ్యకు ఏం జరిగినా ఆ పాపం తనదేనని ఈమె బతికినన్నాళ్లూ అనుకుంటుంది. లాక్కోకపోతే ఉన్న ఒక్క సాక్ష్యం మేకుకే వేలాడుతుంది.

"సంచి ఇటు తే," అంది బక్కమ్మ.

"అత్తా!"

"తొవ్వ తప్పుతడని ఏడుస్తున్నవు. పది రోజులాయె, ఇంక తప్పకుంట యాడున్నడే వాడు? తీసిన చెయ్యి నాది. విప్పితే వచ్చే పాపం గూడ నాదే. నాకెన్ని రోజులున్నయని భయం?"

బీరమ్మ చేతులు కదల్లేదు. బక్కమ్మే గోడ పట్టుకుని లేచి వచ్చింది. కోడలిని పక్కకు తోయలేదు, ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. కొంతసేపటికి బీరమ్మ తనంతట తానే తప్పుకుంది. తప్పుకుని, గోడ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

ముసలి వేళ్లు దారం ముడి విప్పాయి. పసుపులోంచి రెండు చీటీలు బయటికి తీశాయి. బక్కమ్మకు చదువు రాదు. వాటిని ఎస్తేరు అరచేతిలో పెట్టింది.

ఎస్తేరు మొదటిది విప్పింది. నేపాల్.

రెండోది విప్పింది. నేపాల్.

దొడ్డిలో గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి.

"ఏం రాసుంది బిడ్డా?"

"రెండిట్ల గూడ నేపాలే అవ్వా. మూడిట్లనూ అదే. నువ్వేది తీసినా అదే వస్తుండె. దేవుడు చూపెట్టిన తొవ్వ గాదిది, లింగస్వామి రాసుకున్న తొవ్వ."

బక్కమ్మ తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు దానికేసి చూసుకుంది. పది రోజులుగా ఆ చేతినే తిట్టుకుంటోంది. "నా చెయ్యి గాదన్నట్టు," అంది చివరికి.

బీరమ్మ ఇటు తిరిగింది. "మరి ఆయన యాడికి పోయిండు అక్కా?"

"యాడికీ పోలే. ఐదూ నలభైకి ఫోన్ ఆగింది సూడు, ఆరుంబావుకు లింగస్వామి షాద్‌నగర్‌ల ఉన్నడు, గా అరగంట దూరంలోపే గుర్వయ్య ఉన్నడు. యాడనో దించి, కాపలాకు ఎవరినో పెట్టి, లింగస్వామి ఒక్కడే నేపాల్ పోయి బిల్లులు, ఫోటో తెచ్చుకున్నడు. జూదంల భూమి పోగొట్టుకొని సిగ్గుతోని పారిపోయిండంటే ఊరంత నమ్ముతది. ఎందుకంటే గుర్వయ్య జూదమాడేటోడే."

"పానంతోని..." బీరమ్మ మాట పూర్తి చేయలేకపోయింది.

"ఉన్నడు. కాగితం ఇంక రాలేదన్నడు లింగస్వామి. అంటే గుర్వయ్య ఇంక సంతకం పెట్టలే. పెట్టనంత సేపు ఆయనతోని వానికి పనుంది." ఆ తరువాతి మాట చెప్పాలా వద్దా అని ఎస్తేరు ఆలోచించింది. చెప్పకపోయినా బీరమ్మ కళ్లలో అది అప్పటికే ఉంది. కాగితం వచ్చిన రోజున గుర్వయ్య ఉండడు.

"నేను గూడ వస్త. యాడికి పోవాలె?"

ఆ ప్రశ్నకు ఉన్న జవాబు ఒక్కటే. అది ఎస్తేరుకు ఇష్టం లేని జవాబు. కార్లు ఆపడానికి, షెడ్లు తెరిపించడానికి, ఫోన్ ఏ టవర్ కింద ఉందో అడగడానికి చట్టం ఆమెకు హక్కివ్వలేదు. ఆ హక్కున్నవాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కృష్ణకాంత్.

*

మూడింటికి ఐదు నిమిషాలు తక్కువ. సీఐ భోజనం ముగించి చేతులు తుడుచుకుంటున్నాడు.

"రాండ్రి రాండ్రి, డిటెక్టివ్ గారు! ఇయ్యాల నేపాల్ దేశమే తవ్వుకొచ్చిన్రా ఏంది?"

ఏడేళ్ల కిందట చిట్యాల హైవే మీద లారీ దొంగల కేసు ఎస్తేరు పట్టుకుంటే, పతకం అప్పటి ఎస్సై కృష్ణకాంత్ మెడలో పడింది. ఆ సంగతి ఇద్దరూ మరిచిపోలేదు. కాకపోతే ఆమె దాని గురించి మాట్లాడదు, అతను మాట్లాడకుండా ఉండలేడు.

వెంట వచ్చిన బీరమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ఎస్తేరు తాను కూర్చోకుండానే చీటీలు రెండూ తెల్లకాగితం మీద పెట్టి, బల్ల మీదికి జరిపింది. ఎవరు రాశారు, ఎవరు తీశారు, ఎప్పుడు విప్పారు, లింగస్వామి వాటిని ఎందుకు అడిగాడు, అన్నీ నాలుగు నిమిషాల్లో చెప్పింది. కృష్ణకాంత్ పెన్ను మొనతో చీటీలను అటూ ఇటూ కదిపాడు. ఒక్క క్షణం అతని మొహం సీరియస్ అయింది. ఆ క్షణంలో ఎస్తేరుకు ఆశ పుట్టింది.

"గోడకు పది రోజులు వేలాడిన సంచి," అన్నాడు. "ఎవరైనా ఏమైనా వేయొచ్చు. ఈమెనే రాసి వేసిందేమో."

"నాకు రాయస్తదా సారూ?" అంది బీరమ్మ. "నా ఫిర్యాదు మీద ఏలుముద్ర ఏయించుకుంది మీరే గద."

తలుపు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. సీఐ చెవులు ఎర్రబడ్డాయి.

"చేతిరాత నిపుణుల దగ్గరికి పంపుత. వారం పది రోజులు పడ్తది. అంతదాక ఇది కాగితం ముక్కనే."

"వారం ఆగితే మనిషి ఉండడు సార్. ఇప్పుడే లింగస్వామి ఫోన్ ఏ టవర్ కింద ఉందో తెప్పియ్యండ్రి. షాద్‌నగర్ తొవ్వల, ఐదూ నలభై నుంచి ఆరుంబావు మధ్యల కారు చేరే దూరంల ఉన్న షెడ్లు, ఫామ్‌హౌజులు చూపియ్యండ్రి. ఒక్కటే మాట. వాని చెవిన మాత్రం పడొద్దు. చీటీలు విప్పినమని వానికి తెలవనంత సేపే గుర్వయ్యకు టైముంది."

"నాకు పని నేర్పుతున్నవా?"

"బతిమాలుతున్న సార్."

ఆ మాట అనడానికి ఆమె ఎంత తగ్గాల్సి వచ్చిందో కృష్ణకాంత్‌కు తెలుసు. బహుశా అందుకే అతనికి హుషారొచ్చింది. "ఎస్తేరమ్మా, నీతోని వచ్చిన గడ్‌బడే గిది. అనుమానం వస్తే అడగాలె. మొఖం మీద అడిగితే దొంగెవడో దొరెవడో గొంతులనే తెలుస్తది. చూడు." బల్ల మీది ఫోన్ అందుకున్నాడు.

"సార్, వద్దు!"

ఎస్తేరు ముందుకు వంగి చెయ్యి చాపింది. కానిస్టేబుల్ అడ్డం వచ్చాడు. ఆమె ఇప్పుడు ఏఎస్సై కాదు. సీఐ బల్ల మీది ఫోన్ ముట్టుకుంటే లోపల వేసే మామూలు మనిషి. సీఐ స్పీకర్ మీట నొక్కి, ఫోన్ బల్ల మధ్యలో పెట్టాడు.

మోగింది. మోగుతూనే ఉంది. ఆరోసారికి ఎత్తాడు.

"నమస్తే సార్." లింగస్వామి గొంతు ఎగపోస్తోంది. ఎక్కడి నుంచో బయటికి నడిచొచ్చి ఎత్తినట్టుంది. వెనక గాలి హోరు, రేకులు కొట్టుకుంటున్న చప్పుడు.

"ఏమయ్యా లింగస్వామీ, యాడున్నవ్?"

"ఆఫీసుల సార్. చెప్పుండ్రి."

ఎస్తేరు కళ్లు మూసుకుంది. ఆఫీసులో ఏసీ ఉంది. కిటికీ కూడా లేదు.

"ఏం లేదు. డిటెక్టివ్ మేడం వచ్చి నా నెత్తి తింటుంది. బండారి సంచి విప్పిన్రట. మూడు చీటీల మీద నువ్వు నేపాలే రాసినవట గద?" కృష్ణకాంత్ నవ్వుతూ ఎస్తేరు వైపు కన్నుగీటాడు.

అవతల నుంచి మాట రాలేదు.

ఒక సెకను. రెండు. మూడు. సీఐ మొహంలో నవ్వు ఇంకా ఉంది, కాని దాని కింద ఏదో జారిపోతోంది.

అప్పుడు వినిపించింది. లింగస్వామికి వెనక, దూరంగా, రేకుల గోడ అవతలి నుంచి. నాలుక మడిచి, గొంతు అడుగు నుంచి తీసిన కూత. మూడు పొట్టివి, ఒకటి పొడుగు. పొడుగు కూత మధ్యలోనే తెగింది, ఎవరో నోరు నొక్కినట్టు.

ఫోన్ కట్టయింది.

బీరమ్మ బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడింది. ఆమె ఏడవడం లేదు.

"మాయన," అంది. "గది మాయన గొంతు."

కృష్ణకాంత్ మళ్లీ నంబరు కొట్టాడు. స్విచ్ఛాఫ్. ఇంకోసారి కొట్టాడు. స్విచ్ఛాఫ్. "రైటర్!" అని అరిచాడు. "టవర్ లొకేషన్ కావాలె, అర్జెంటు!"

"ఎస్పీ ఆఫీసు నుంచి లెటర్ పోవాలె సార్," అన్నాడు గుమ్మంలోంచి రైటర్. "ఎంత తొందర చేసినా గంటన్నర."

గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది. సీఐ ఎస్తేరు వైపు చూశాడు. ఏడేళ్లలో మొదటిసారి అతని చూపులో ఎగతాళి లేదు. ఆమె అతన్ని తిట్టలేదు. తిట్టడానికి పట్టే క్షణం కూడా ఇప్పుడు గుర్వయ్యదే.

"అది మందను దగ్గరికి పిలిచే కూతనా బీరమ్మా?" అని అడిగింది. "వెనక మంద అరుపు ఏమన్న వినవడ్డదా?"

"మందను పిలిచేది గాదక్కా." బీరమ్మ అప్పటికే గుమ్మం వైపు కదిలింది. "తోడేలు మందల జొరబడ్డప్పుడు వేసేటిది. పక్క మందలోళ్లకు. ఇన్నోళ్లు ఏ పనిల ఉన్నా ఇడిసిపెట్టి ఉరకాలె. ఉరకకుంటే పాపం."

ఆమె వాకిలి దాకా పరుగెత్తింది. మెట్ల మీద ఆగిపోయింది. ముందు రోడ్డు నాలుగు వైపులకు పోతోంది. వెనక్కి తిరిగి, వెంటే వచ్చిన ఎస్తేరు రెండు చేతులూ పట్టుకుంది.

"కూత నేను ఇన్నక్కా. జర చెప్పు, ఎటు ఉరకాలె?"

ఎస్తేరుకు తెలియదు.